మూత కింది తునుక

పుస్తకం మరాఠీలో ఉంది.
పిల్లల నోళ్లలో తెలుగు.
నడుమ నేను, ఖడూ ముక్క పట్టుకుని,
ప్రాణహిత మీద పడవవాడి లెక్క
పొద్దుకి నలభై సార్లు అటూ ఇటూ.

పుస్తకం దీన్ని అపూర్ణాంక్ అంటుంది, నిండని అంకె.
ఇంట్లో మనం భిన్నం అంటాం, వేరుపడ్డది.
గీత కింద కూర్చున్నదాన్ని వాళ్లు ఛేద్ అన్నారు, కోత.
మనవాళ్లు హారం అన్నారు.
కోతకి దండ వేసినవాడెవడో
పదకొండేళ్లుగా చెబుతున్నా నాకు తెలియదు.

మొన్న మంగళవారం బోర్డు మీద రాశాను:
మూడు బై నాలుగు. నాలుగు బై ఐదు.
ఏది పెద్దది?

రెండూ సమానమే అంది స్వరూప.
రెండింట్లోనూ ఒకటే కదా తక్కువ పడింది, అంది.
సగం క్లాసు ఆమె పక్కకి జరిగింది.

నేను అడ్డ గుణకారానికి దిగాను.
మూడైదులు పదిహేను, నాలుగు నాలుగులు పదహారు.
బోర్డు మీద ఆ గుర్తు
ఎండ్రకాయ కాళ్లలా పరుచుకుంది.
రాసుకున్నారు.
రాసుకోవడం వేరు.

వెనక వరుసలో ఓదెలు లేచాడు.
"సార్, నిన్న మా బాపు వలల రెండు బొచ్చెలు పడ్డయ్.
జోడు. ఒక్క తూకం.
ఒకటి మేం ఉంచుకున్నం, ఒకటి పెద్దమ్మకిచ్చినం.
మేం నలుగురం. అవ్వ నాలుగు తునుకలు కోసింది.
పెద్దమ్మోళ్లు ఐదుగురు. ఐదు."

"తలకాయ ఎవలకు?" ఎవడో అడిగాడు.
తలకాయ ఒక తునుక కిందికి వస్తుందా రాదా అని
క్లాసు క్లాసంతా లేచి నిలబడింది.
పుస్తకంలో చేపలకి తలలుండవు,
అసలు చేపలే ఉండవు,
పరకారుతో గీసిన రొట్టెలుంటాయి.
ఊరుకోబెట్టేసరికి ఖిచిడీ మాడిన వాసన వచ్చింది.

ఓదెలు మాత్రం కూర్చోలేదు.
"బాపు రాత్రి మళ్ల గంగకు పోయిండు.
అవ్వ ఆయన తునుక మూత కింద పెట్టింది.
పెద్దమ్మోళ్ల అన్న అవతలొడ్డుకు మిరపకాయ ఏరవోయిండు,
ఆయనది గూడ మూత కిందనే.
రెండిండ్లల్ల ఒక్కొక్కటే మిగిలింది సార్,
గని ఆ రెండు ఒక్కటి గాదు.
మా మూత కిందిది పెద్దగున్నది.
అంటే
మేమే తక్కువ తిన్నట్టు."

పావు. ఐదో పాలు.
వేళ్ల మీద వేసి చూసుకున్నాను, వాడికి కనపడకుండా.
సరిపోయింది.
గుణకారం లేదు, పదహారు లేదు,
కత్తిపీట ఉంది, రెండు గిన్నెలున్నాయి,
ఇంకా ఇంటికి రాని ఇద్దరున్నారు.
డీఎడ్‌లో ఈ పద్ధతి చెప్పే ఉంటారు,
ఆ రోజు నేను బస్సు దొరక్క రాలేదేమో.

స్వరూప గొణిగింది: "మా ఇంట్ల అయితే ఏదీ మిగలది."

శుక్రవారం పరీక్ష పెట్టాను.
ఐదు బై ఆరు, ఆరు బై ఏడు.
ఓదెలు కాగితం మీద ఒక్కటే వాక్యం,
అక్షరాలు మరాఠీవి, మాటలు తెలుగువి:
ఏడుగురి ఇంట్ల మూత కింద చిన్నగుంటది,
అందుకే ఆరు బై ఏడు పెద్దది.
"రీత్" అని అచ్చేసిన చోట
తెల్లగా వదిలేశాడు.

శనివారం కేంద్రప్రముఖ్ వస్తాడు.
కాగితాలు తిరగేస్తాడు, రీత్ ఏదని అడుగుతాడు.
ఎర్ర పెన్ను చాలాసేపు పట్టుకుని కూర్చుని
ఐదుకి నాలుగు వేశాను.

వాడొచ్చాడు కాగితం పట్టుకుని.
"సార్, ఒకటి కోసిండ్రు."
రీత్ రాయలేదు కదరా అన్నాను.
కాగితం అటు తిప్పి చూశాడు, ఇటు తిప్పి చూశాడు.
వాడి ముఖంలో కోపం లేదు, అదే ఇబ్బంది.

"మరి ఆ ఒక్కటి
ఎవలకు పెట్టిండ్రు సార్?"